పిడికెడు బియ్యము – దిక్కులేని బిడ్డలు

చంపాపేటనుండి సరూరునగరు మీదుగా విజయవాడ రాజమార్గమునకు పోవు మన విద్యార్థులు అచ్చటి మెట్రో రైలు స్టేషనుపై "విక్టోరియా మెమోరియల్" అను పేరును తఱచుగా చూచుచుందురు. 2018వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఎల్.బి. నగరు వఱకు ఆ మార్గము తెఱవబడినది మొదలు ఆ పేరు వేలమంది నోళ్లలో నానుచున్నది. అయినను అది యే కట్టడమునకు చెందిన పేరో, ఎట్లు వచ్చెనో చెప్పుడని ఒకనాడు తరగతిలో నేనడుగగా ఇద్దఱు ముగ్గురు తప్ప తక్కినవారు చెప్పలేకపోయిరి. అది యొక అనాథ బాలల గృహము పేరు.

1901వ సంవత్సరము జనవరి 22వ తేదీన విక్టోరియా రాణి కాలధర్మము నొందెను. అప్పుడు హైదరాబాదు రాజ్యమును పాలించుచుండిన ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారు ఆమె జ్ఞాపకార్థము సరూరునగరులోని తమ మహలును తల్లిదండ్రులులేని బిడ్డలకు నివాసముగా నొసంగిరి. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో నెలకొన్న ఆ గృహమే విక్టోరియా స్మారక గృహము. రాజు విశ్రమింపవలసిన చోట నిలువనీడలేని బిడ్డలు నిదురించిరి. మన పేటకింత సమీపమున నిట్టి ధర్మకార్యము జరిగినదని తెలిసికొనుట మన కవసరము.

రాజు మహలు నొసంగెను. మన సంఘములలోని అవ్వలు పిడికెడు బియ్యము నొసంగిరి. తెలుగు క్రైస్తవ సంఘములలో చిరకాలమునుండి ఒక యాచారము కలదు. ఇల్లాలు వంటకు బియ్యము కొలిచిన పిమ్మట, ఎసటిలో పోయుటకు ముందు, ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయును. ఆ కుండలోని బియ్యము ఆదివారమున దేవాలయమునకు వచ్చును. దానినుండి బీదలకును, విధవరాండ్రకును, దిక్కులేని పిల్లలకును సాయము జరుగును. ఇచ్చు నామెయు బీదరాలే. తన బిడ్డల కంచములోనుండి తీసి ఇతరుల బిడ్డల కంచములో వేయుచున్నది. కావున ఆ పిడికెడు మహలుకంటె తక్కువదని యెవ్వరు చెప్పగలరు?

అయితే మహలైనను, పిడికెడు బియ్యమైనను బిడ్డయొక్క అనాథత్వమును నిజముగా తొలగించునా? తొలగింపవలెనన్న దానితోపాటు ఇంకేమి కావలయును? ఈ విషయమునే యిచ్చట కొంత విచారింతము.

అనాథ యనగా నెవరు?

నాథుడనగా రక్షకుడు. రక్షకుడు లేనివాడు అనాథ. మన తేటతెలుగులో నింకను చక్కనిమాట యున్నది: దిక్కులేనివాడు. దిక్కనగా ఆశ్రయము, దిక్కనగా తూర్పు పడమరలు కూడ. ఆశ్రయములేని బిడ్డ యే వైపునకు తిరుగవలయునో ఎఱుగడు. భయము కలిగినప్పుడు ఎవరి వైపు పరుగెత్తవలయును? బహుమానము వచ్చినప్పుడు ఎవరికి చూపవలయును? జ్వరము వచ్చిన రాత్రి ఎవరిని పిలువవలయును? ఆకలికి అన్నము చాలును. దిక్కులేమికి అన్నము మాత్రము చాలదు. ఒక మనిషి కావలయును. యాకోబు తన పత్రికలో నిష్కళంకమైన భక్తి యేదో చెప్పుచు, దిక్కులేని పిల్లలకు ధనమిచ్చుటనుగూర్చి కాక వారిని పరామర్శించుటనుగూర్చి చెప్పియుండుట గమనింపదగినది. పరామర్శ యనగా పోయి చూచుట, మంచిచెడ్డ లడుగుట, మరల పోవుట.

లోకములో అనాథలని లెక్కింపబడువారందఱును తల్లిదండ్రుల నిరువురను గోల్పోయినవారు కారు. ఐక్యరాజ్యసమితి బాలల నిధివారి లెక్కలో తల్లిని గాని తండ్రిని గాని యిరువురను గాని కోల్పోయిన బిడ్డ అనాథయే. అనేక దేశములలో శరణాలయములందున్న పిల్లలలో పెక్కుమందికి తల్లియో తండ్రియో బ్రదికియే యున్నారు. వారిని అచ్చటికి చేర్చినది మరణము కాదు, పేదఱికము. ఈ సంగతిని నేను పుస్తకములలో చదువుటకు ముందే నా తప్పువలన నేర్చుకొంటిని.

ఒక బాలుని కథ

కొన్ని సంవత్సరముల క్రిందట ఆఱవ తరగతిలో నొక బాలుడు చదువుచుండెను. వాని తండ్రి మేడలు కట్టు పనిలో ప్రమాదవశమున మరణించెను. తల్లి నాలుగిండ్లలో అంట్లు తోమి పిల్లలను పోషించుచుండెను. బాలునికొక చిన్న చెల్లెలు. ఒకనాటి సాయంకాలమున ఆ తల్లి పాఠశాల గుమ్మమున నిలిచి, "సారూ, పిల్లలను యాడనన్న ఆశ్రమంల ఏయించుండ్రి. రెండుపూటల బువ్వ వెడ్తరంట" అని కన్నీరు పెట్టుకొనెను. నేను గొప్ప ఉపకారము చేయుచున్నానని తలంచి ఉత్తరములు వ్రాసి, బాలుని ఒక ఊరిలోను, బాలికను వేఱొక ఊరిలోను శరణాలయములలో చేర్పించితిని.

నాలుగు మాసముల పిమ్మట ఆ తల్లి బస్సుకూలి కూడబెట్టుకొని కుమారుని చూడబోయెను. వాడు పరుగెత్తుకొని రాలేదు. గోడ నానుకొని నిలిచెను. చాలసేపటికి ఒక్కమాట యడిగెను: "చెల్లెకు నేను యాదికున్ననా?" ఆ గృహమువారు వానికి వేళకు అన్నము పెట్టిరి, వస్త్రము లిచ్చిరి, పాఠశాలకు పంపిరి, వారియందు దోషము లేదు. వానికి తల్లి యున్నది, చెల్లెలున్నది, తనదనుకొను చోటున్నది. పేదఱికము వానినుండి తండ్రిని మాత్రము తీసికొనెను. తక్కినవారిని నా సలహా తీసికొనెను. అనాథ కానివానిని అనాథనుచేసినవాడను నేను.

సంవత్సరాంతమున ఆ తల్లి పిల్లల నిద్దఱిని మరల తనయొద్దకు తెచ్చుకొనెను. అప్పుడు మా ఉపాధ్యాయులలో కొందఱును, ఆదివారపు బడిలోని రెండు కుటుంబములవారును కలిసి లెక్క వేసికొంటిమి. ఇంటి అద్దెలో కొంత, మాసమునకు 20 కిలోల బియ్యము, పిల్లల పుస్తకములు, దుస్తులు. ఇది మేము భయపడినంత పెద్దమొత్తము కాలేదు. నేను తొలిసారి ఆమెను చూచిననాడే యడుగవలసిన ప్రశ్న యిది: "అమ్మా, పిల్లలు నీయొద్దనే యుండుటకు ఏమి కావలయును?" దాని నడుగుటకు నాకు సంవత్సరము పట్టెను.

కఱవులు, అనాథలు

మన తెలుగుదేశమున అనాథలనుగూర్చిన మిషనరీల పరిచర్య చాలవఱకు కఱవులనుండి పుట్టినది. 1832–33 సంవత్సరములలో వచ్చిన నందన కఱవు గుంటూరు సీమను పాడుచేసెను. 1876–78 సంవత్సరములలో వచ్చిన ధాత కఱవు మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతముల నాక్రమించి 50 లక్షలకు పైగా జనులను పొట్టబెట్టుకొనెను. తల్లి చనుబాలు ఇంకిపోగా బిడ్డలు దారిప్రక్కల విడువబడిరి. మిషను ఆవరణములలో అట్టి పిల్లలకై పాకలు వేసిరి. వానిలో కొన్ని పిమ్మట బోర్డింగు పాఠశాలలైనవి.

ఆ ధాత కఱవులో ఒంగోలు అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొరగారు చేసిన పని మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. ఆయన యౌవనమున భూములు కొలుచు పని నేర్చినవాడు. కఱవు ప్రబలినప్పుడు ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. ఆయన అందులో మూడున్నర మైళ్ల భాగమును తాను కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమంది స్త్రీపురుషులకు పలుగు, పార, గంప యిచ్చి కూలి చెల్లించెను. ఇది అనాథల పరిచర్యవలె కనబడదు. కాని యోచించి చూడుడు. తండ్రికి కూలి దొరికినచో తండ్రి బ్రదుకును. తల్లికి గంజి దొరికినచో తల్లి బ్రదుకును. తల్లిదండ్రులు బ్రదికినచో బిడ్డ అనాథ కాడు. ఆ కాలువగట్టున ఎందఱు బిడ్డలు అనాథలు కాక తప్పించుకొనిరో ఏ పుస్తకములోను వ్రాయబడలేదు, వ్రాయుటకు వీలును లేదు. శరణాలయమునకు చేరిన బిడ్డను లెక్కింపగలము. చేరనవసరము లేకపోయిన బిడ్డను లెక్కింపలేము. అందుచేతనే లోకులు మొదటి ధర్మమును పొగడుదురు, రెండవదానిని మఱచుదురు.

క్లౌ దొరగారినుండి నేర్చుకొనవలసినది మఱియొకటి కలదు. కఱవు సాయము జరుగుచున్నంతకాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నముకొఱకు మతములో చేరిరను మాట రాకుండవలెననియు, అన్నమునకు మతము వెల కాకూడదనియు ఆయన తలంపు. సాయము ముగిసిన పిమ్మటనే, 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను. విశ్వాసముచే ప్రేరితమైన ధర్మమునకు ఇది మంచి కట్టుబాటు. మన విశ్వాసము మన చేయి చాపించవచ్చును. ఎదుటి బిడ్డ చేయి చాపుటకు అతని విశ్వాసము అడ్డు కారాదు, వెలయు కారాదు. పసిబిడ్డ బేరమాడలేడు గనుక వాని విషయమున ఈ జాగ్రత్త రెట్టింపు కావలయును.

బ్రిస్టలు గృహములు

అనాథ గృహములను చక్కగా నడుపుటనుగూర్చి చెప్పునప్పుడు ఇంగ్లండులోని బ్రిస్టలు పట్టణమున జార్జి ముల్లరు గారు స్థాపించిన గృహములను తలంపకుండుట సాధ్యము కాదు. వానికిని మన గోదావరి తీరమునకును ఒక బంధుత్వము కూడ కలదు. ముల్లరు గారి భార్య మేరీ గ్రోవ్స్ అమ్మగారు ఆంథొని నారిస్ గ్రోవ్స్ దొరగారి సోదరి. ఆ గ్రోవ్స్ దొరగారితోనే విలియం బౌడెన్, జార్జి బీరు దంపతులు 1836లో ఓడయెక్కి మన దేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము ప్రాంతమున గోదావరి డెల్టా మిషనును స్థాపించిరి. అదే 1836వ సంవత్సరమున ముల్లరు గారు బ్రిస్టలులో ఒక అద్దె యింటిలో తమ మొదటి అనాథ గృహమును తెఱచిరి.

1849లో ఆష్లీ డౌన్ అను మెట్టపై మొదటి పెద్ద గృహము తెఱవబడెను. 1870 నాటికి అట్టివి అయిదై, 2,000 మందికి పైగా పిల్లలకు చోటు కలిగెను. 1898లో ముల్లరు గారు పరమపదించునాటికి 10,000 మందికి పైగా అనాథలు ఆ గృహములలో పెరిగిరి. ఆయన యెవరిని ధనము యాచింపక ప్రార్థనచేతనే ఇంత చేసెనని అందఱును చెప్పుకొందురు. అంతగా చెప్పుకొనని సంగతులు రెండు కలవు. వచ్చిన ప్రతికాసునకు లెక్క వ్రాసి సంవత్సర సంవత్సరము అచ్చువేయించుట యొకటి. బాలురను చేతిపనులలోను, బాలికలను తగిన ఉద్యోగములలోను ప్రవేశపెట్టి సాగనంపుట రెండవది. ప్రార్థన చేయువానికి లెక్క అక్కఱలేదని ఆయన తలంపలేదు. దేవుని పేర తీసికొన్న ధనమునకు మనుష్యులకు లెక్క చెప్పుటయు భక్తియే.

అయినను ఆ గృహముల నిబంధనలలో నొక కొఱత యుండెను. తల్లిదండ్రు లిరువురును గతించి, ధర్మవివాహమువలన పుట్టిన పిల్లలనే వారు చేర్చుకొనిరి. పుట్టుకలో బిడ్డ చేసిన దోషమేమి? మంచివారు కట్టిన గోడలలోను కొందఱికి ద్వారము మూసియుండునని యిందువలన తెలియుచున్నది. ధర్మము చేయువారు తాము కాదన్నవారి పట్టికను కూడ అప్పుడప్పుడు చదువుకొనవలయును.

మన దేశమున ఆ ద్వారమును వెడల్పు చేసినవారు కలరు. కాకినాడలో బ్రహ్మసమాజమునకు చెందిన రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు (1862–1939) కళాశాలాధ్యక్షులుగా నుండి, కులము నడుగక బీద విద్యార్థులను, అనాథలను ఆదరించిరి. ఆయన శిష్యులైన పిఠాపురము మహారాజు సూర్యారావు బహదూరు గారు ఆ పట్టణమున అనాథ శరణాలయమును స్థాపించి పోషించిరి. మన నగరములోని నాంపల్లిలో మహమ్మదీయులు నెలకొల్పిన అనీసుల్ గుర్బా కలదు. ఆ పేరునకు బీదల మిత్రుడని యర్థము. ఇస్లాము ధర్మమునందు అనాథల సొమ్మును కాపాడుట గొప్ప బాధ్యతగా విధింపబడినది. దిక్కులేని బిడ్డ విషయమున ఏ మతమువారును తమ గ్రంథములలో రెండు మాటలు మాటలాడలేదు. ఆచరణలోనే యందఱికిని కొఱత.

ఒక పరిశోధన

బిడ్డకు గృహము చాలునా, ఒక మనిషి కావలయునా యను ప్రశ్నను శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. రుమేనియా దేశమున ప్రభుత్వ శరణాలయములందు పిల్లలు వేలకొలదిగా నుండిరి. వారికి అన్నమును మంచమును ఉండెను. కాని పదిమంది పదునైదుమంది పిల్లలకు ఒక దాది వంతులవారిగా మాఱుచుండెను. 2000వ సంవత్సరమునందు ఆ దేశపు రాజధానియైన బుకారెస్టులో 136 మంది పసిపిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని శిక్షణ పొందిన కుటుంబములలో ఉంచిరి. తక్కినవారు మునుపటి యేర్పాటులోనే యుండిరి. 2007లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి కుటుంబములకు చేరిన బిడ్డలు బుద్ధివికాసమున ముందంజ వేసిరి. అందును రెండేండ్లు నిండక మునుపే కుటుంబమునకు చేరినవారికి ఎక్కువ మేలు కలిగెను. ఎత్తుకొను చేయి దినదినమును మాఱుచుండినచో బిడ్డ మనస్సు ఎవరిని నమ్మవలయునో నేర్చుకొనదు. మన యవ్వలు శాస్త్రము చదువకయే దీనినెఱుగుదురు.

ఇందువలన శరణాలయములన్నియు చెడ్డవని తలంపరాదు. ఎవ్వరునులేని బిడ్డకును, ఇంటిలోనే హింసపడు బిడ్డకును అవి ప్రాణాధారములు. అట్టి గృహము కుటుంబమును పోలియుండవలయును. తోబుట్టువులను వేఱుచేయరాదు. ఒకే దాది చిరకాలముండవలయును. బిడ్డ పేరు, ఊరు, బంధువుల వివరములు భద్రముగా వ్రాసియుంచవలయును. వానికి తన కథ తనకు తెలిసియుండవలయును.

నేటి చట్టము

ఇప్పుడు మన దేశమున ఈ పరిచర్యయంతయు బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టము, 2015 ననుసరించి జరుగవలయును. విద్యార్థులును తలిదండ్రులును దీనిలో కొంతయైన నెఱిగియుండుట మంచిది.

బస్సు నిలుచుచోటనో, దేవాలయపు మెట్లపైనో ఒంటరిగా బిడ్డ కనబడినచో ఏమి చేయవలయును? మంచిమనస్సుతోనైనను వానిని మన యింటికి తీసికొనిపోయి ఉంచుకొనరాదు. మనకు తెలిసిన గృహములో రహస్యముగా చేర్పింపరాదు. 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవలయును. లేదా పోలీసులకు తెలుపవలయును. ప్రయాణకాలము మినహా 24 గంటలలోపల ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి యెదుట ఉంచవలయును. ఆ సమితిలో ఒక అధ్యక్షుడును నలుగురు సభ్యులును ఉందురు. వారిలో ఒకరైనను స్త్రీయై యుండవలయును. వారు విచారించి, మొదట బిడ్డయొక్క సొంత కుటుంబమును వెదకింతురు. అది కుదురనిచో బంధువులు, పోషక కుటుంబము, దత్తత మొదలగు మార్గములను చూతురు. గృహములో నుంచుట ఈ చట్టము దృష్టిలో చివరి మార్గము.

పిల్లలనుంచుకొను ప్రతిగృహమును, అది ప్రభుత్వముదైనను, ఏ మతమువారిదైనను, ఈ చట్టము క్రింద రిజిస్టరు కావలయును. రిజిస్టరు చేయనివారికి ఒక సంవత్సరము వఱకు చెఱసాలయో, లక్ష రూపాయలకు తక్కువకాని జరిమానాయో, రెండునో విధింపవచ్చును. దేవుని పని చేయుచున్నాము, మాకు కాగితము లేలయని కొందఱు భక్తులనుట కలదు. బిడ్డను దొంగిలించువాడును ఆ మాటయే చెప్పును. మంచివానిని దొంగనుండి వేఱుచేసి చూపునది ఆ కాగితమే కావున మంచివాడు దానికి సంతోషింపవలయును.

తండ్రి గతించి తల్లియొద్ద పెరుగు బిడ్డలకును, బంధువుల యింటనున్న అనాథలకును, అర్హత ననుసరించి మిషన్ వాత్సల్య పథకము క్రింద బిడ్డ కొక్కింటికి మాసమునకు 4,000 రూపాయల సహాయము 2022వ సంవత్సరపు నియమములలో నేర్పరుపబడినది. దీనికి జిల్లా బాలల రక్షణ విభాగమువారికి దరఖాస్తు చేయవలయును. చదువురాని తల్లికి ఆ దరఖాస్తు వ్రాసిపెట్టుట, కావలసిన పత్రములు తెప్పించుట, ఆమెతో కచేరికి పోవుట – ఇవి ధనములేనివాడును చేయగల ధర్మములు. ఆ బాలుని తల్లి విషయమున నేను వ్రాయవలసిన ఉత్తరము శరణాలయమునకు కాదు, ఇట్టి సహాయముకొఱకు.

పదునెనిమిదేండ్లు నిండిననాడు గృహమునుండి బయటికి వచ్చు యువకుని సంగతి ఇంకొకటి. తక్కినవారికి ఆ వయస్సు పండుగ; వానికి అది రెండవమారు అనాథయగు దినము. అతడు కాళ్లపై నిలుచుటకు 21 ఏండ్లు వచ్చువఱకు సహాయము చేయుటకు చట్టము వీలు కల్పించినది. అతనికి పని నేర్పువారు, అద్దెయింటికి హామీ పలుకువారు, పండుగనాడు భోజనమునకు పిలుచువారు కావలయును. చదువుకొన్న క్రైస్తవ కుటుంబము లిట్టి యొక్క యువకునికైనను ఇంటితలుపు తెఱచియుంచినచో అది గొప్ప పరిచర్య.

మన పిడికెడు

ఇక మన పిడికెడు బియ్యమునకు వత్తము. బాలబాలికలారా, ఒక లెక్క చేయుడు. పిడికెడనగా 50 గ్రాములనుకొందము. నూఱు కుటుంబములవారు దినమునకు ఒక పిడికెడు తీసినచో 5 కిలోలు; ముప్పది దినములకు 150 కిలోలు. ఒక బిడ్డకు దినమునకు 400 గ్రాముల బియ్యము కావలెననుకొన్నచో మాసమునకు 12 కిలోలు. అనగా నూఱు పిడికిళ్లు పండ్రెండుగురు బిడ్డల అన్నమునకు చాలి, ఇంచుక మిగులును. ఎవని కంచములోను వెలితి కనబడదు. చిన్నదానము నిత్యమైనచో ఎంత పెద్దదగునో ఈ లెక్క చెప్పుచున్నది.

కాని ఏటి కొకమాఱు క్రిస్మసునాడు బస్సులో పోయి, శరణాలయములోని పిల్లలకు మిఠాయి పంచి, వారిని వరుసగా నిలిపి ఛాయాచిత్రము తీసికొని వచ్చుటవలన ఈ లెక్క నెరవేరదు. ఆ చిత్రములో మన ముఖములందు సంతోషముండును. వారి ముఖములందు అలవాటుండును. బిడ్డ దారిద్ర్యమును పదుగురికి చూపి పేరు సంపాదించుట దానము కాదు. మనము ధరింపజాలని చినిగిన వస్త్రములను మూటగట్టి పంపుటయు దానము కాదు. పోవలెనన్న మాసమాసమును ఆ మనుష్యులే పోవలయును. ఒకరు లెక్కలు నేర్పవచ్చును. ఒకరు బంతియాట ఆడవచ్చును. పోలేనివారు ధనమునిచ్చి, దానికి లెక్క యడుగవచ్చును. పోయి మధ్యలో మానుటకంటె మొదటనే పోకుండుట మేలు; ఏలయనగా విడువబడుట యెట్టిదో ఆ బిడ్డ మనకంటె బాగుగ నెఱుగును.

మఱియు శరణాలయమునకు పోవుటకు ముందు మన వీధిని చూడవలయును. చంపాపేటలోను, కర్మనుఘాటులోను, సరూరునగరులోను మేడలు కట్టుటకు పొరుగు జిల్లాలనుండి వచ్చి పాకలలో నుండు కుటుంబము లెన్నియో కలవు. వానిలో తండ్రిని కోల్పోయిన యింటికి ఈ మాసపు అద్దె చెల్లునా? అవ్వయొద్ద పెరుగు మనుమరాలికి పుస్తకములున్నవా? మన తరగతిలోనే మధ్యాహ్నమున డబ్బా తెఱవని బాలుడు కలడా? ఆ యింటి నిలిపితిమేని ఒక బిడ్డ అనాథ కాకుండ నిలుచును. ఆ బిడ్డ పేరు ఏ శరణాలయపు పుస్తకమునకును ఎక్కదు. మన వార్షిక నివేదికకును ఎక్కదు. ఎక్కకుండుటయే మన విజయము.

నేను చెప్పిన బాలుడు ఇప్పుడు పెద్దవాడై విద్యుత్తు పని నేర్చి తల్లిని పోషించుచున్నాడు. చెల్లెలు చదువుచున్నది. ఒకనాడు వాడు మా యింట దీపము బాగుచేయుటకు వచ్చి కూలి పుచ్చుకొనడాయెను. నేను నా పాతతప్పును జ్ఞాపకముచేసి క్షమింపుమని యడిగితిని. వాడు నవ్వి, "మీరు మల్ల మా యింటికొచ్చిండ్రు గద సారూ" అనెను. ఆ మాటలో పరామర్శ యను పదమున కర్థము నాకు బోధపడినది.

ఈ సంవత్సరము మన పాఠశాలలో పోగగు కానుకలలో సగము దిక్కులేని పిల్లలున్న రిజిస్టరయిన గృహమునకును, సగము బిడ్డలు తమ తల్లియొద్దనో అవ్వయొద్దనో ఉండుటకును వినియోగింపవలెననియు, లెక్కలను పాఠశాల గోడపై అందఱును చదువునట్లు అంటింపవలెననియు నా మనవి. ఇచ్చువారి చేతిని, పుచ్చుకొనువారి మనస్సును దేవుడు కాపాడునుగాక.